వ్యాన్ ప్రయాణాల్లో బయట వంటకు పలక పెనం: ఏ కొలత, ఏ లోహం, ఏ గ్యాస్?

సాగర్‌నగర్_బాటసారి
పాత టెంపో ట్రావెలర్‌ను పడకలు, నీళ్ల ట్యాంకు, చిన్న అలమారాలు పెట్టించి కుటుంబమంతా రాత్రి బస చేసేలా మార్పించుకున్నాం. రవాణా శాఖలో ఆ మార్పుల నమోదు కూడా పూర్తయింది. సెలవు దొరికితే భీమిలి దాటి తీరం వెంబడి గానీ, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు వైపు గానీ వెళ్తున్నాం. ఇప్పటిదాకా దారిలోని హోటళ్లతోనే సరిపెట్టుకుంటున్నాం. కానీ పొద్దున్నే పిల్లలకు వేడివేడి అట్లు, సాయంత్రం ఫిషింగ్ హార్బర్ నుంచి తీసుకెళ్లిన వంజరం ముక్కలు బండి పక్కనే వేసుకోవాలని ఇంట్లో అందరికీ ఉంది.

అమెరికాలో ఆర్‌వీ (లోపలే బస చేసే వీలున్న) బండ్లవాళ్లు వాడే బల్లమీది గ్రిడిల్ వీడియోల్లో చూశాను. కింద బర్నర్లు, పైన ఒకటే పొడవాటి ఇనుప పలక, ముందు నూనె దిగే కాలువ, దాని కింద చిన్న డబ్బా ఉంటాయి. ఆన్‌లైన్‌లో దాని ధర చూస్తే ఇంటి పొయ్యిలు రెండు మూడు కొనుక్కోవచ్చనిపించింది. మేము ఐదుగురం, ఒకేసారి నాలుగు అట్లు పడాలి. దిగుమతి సరుకు కొనడం మంచిదా, ఇక్కడే చేయించుకోవడం మంచిదా? పోతపోసిన ఇనుమా, ఉక్కు పలకా, నాన్‌స్టిక్కా? గ్యాస్ సంగతి ఏమిటి? ట్యాంకులో నీళ్లు తక్కువ కాబట్టి కడగడం కూడా ఆలోచించాలి. వాడిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పెసరట్టు_పార్వతి
నాలుగు అట్లు ఒకేసారి పడాలన్న నియమాన్ని ముందు వదులుకోండి. మంచి పోత ఇనుప పెనాలు రెండు, రెండు బర్నర్ల పొయ్యి ఒకటి ఉంటే ఐదుగురికి అరగంటలో టిఫిన్ పూర్తవుతుంది. పలక పెద్దదయ్యే కొద్దీ ఒక మూల మాడుతుంది, ఇంకో మూల ఉడకదు. పెసరట్టుకు మంట మన చేతిలో ఉండాలి: పిండి పరిచేటప్పుడు తక్కువ, అంచు లేచేటప్పుడు ఎక్కువ. ఒకే పలక మీద నాలుగు అట్లు నాలుగు దశల్లో ఉంటే ఆ మంటను ఎవరి కోసం తగ్గిస్తారు, ఎవరి కోసం పెంచుతారు?

కంచరపాలెం_కుర్రాడు
గ్యాస్ తలనొప్పి అంతా ఎందుకండీ? వ్యాన్‌లో ఎలాగూ ఇన్వర్టర్ ఉంటుంది కదా, ఒక ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే మంట, గాలి, సిలిండర్ గొడవలేవీ ఉండవు.

గ్యాస్_మాష్టారు
కంచరపాలెం తమ్ముడూ, లెక్క వేసి చూద్దాం. వ్యాన్లలో సాధారణంగా పెట్టే 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్ల కరెంటు. 2000 వాట్ల ఇండక్షన్‌ను పూర్తి వేగంతో నడిపితే, ఇన్వర్టర్ నష్టం కూడా కలుపుకుని, అరగంట దాటిన కాసేపటికే అది ఖాళీ అవుతుంది. ఆ తరువాత రాత్రికి దీపాలు, ఫ్యాన్లు ఉండవు. పైగా ఇండక్షన్ తీగచుట్ట వ్యాసం జానెడే కాబట్టి, పెద్ద పలక పెడితే నడిమధ్యే కాలుతుంది, అంచులు చల్లగా ఉంటాయి. కరెంటు స్తంభం దగ్గర బండి ఆపుకునే చోట్లకైతే అది మంచి సాధనమే, కానీ అనంతగిరి కాఫీ తోటల పక్కన అలాంటి వసతిని నమ్ముకుని బయలుదేరలేం.

గాజువాక_టు_డల్లాస్
సొంతూరు గాజువాక, ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ మాకు చిన్న ట్రైలర్ ఉంది, దాంతోపాటు మీరు చూసిన రకం గ్రిడిల్ కూడా ఉంది కాబట్టి దాని మంచిచెడ్డలు రెండూ చెప్తాను.

బ్లాక్‌స్టోన్ అనే కంపెనీ బల్లమీది నమూనాల్లో 17 అంగుళాలది, 22 అంగుళాలది ఎక్కువగా వాడతారు. చిన్నదానికి ఒక బర్నర్, పెద్దదానికి రెండు. చిన్నదాని సామర్థ్యం గంటకు 12,500 బీటీయూ (బీటీయూ అంటే వేడికి కొలత), పెద్దది 24,000. నలుగురైదుగురికి 22 అంగుళాలదే సరైనది, ఎందుకంటే రెండు బర్నర్లు ఉన్నప్పుడే ఒక పక్క ఎక్కువ వేడి, ఇంకో పక్క తక్కువ వేడి పెట్టుకునే వీలుంటుంది. పార్వతి గారి సందేహానికి నా సమాధానం ఇదే: పలక మొత్తం ఒకే వేడిలో ఉండనక్కర్లేదు. ఎడమవైపు పరిచి, కాలిన తరువాత కుడివైపుకు జరిపితే అట్టు అక్కడ మెల్లగా కరకరలాడుతుంది.

ఇక మనవాళ్లకు తెలియాల్సింది గ్యాస్ బిగింపు. ఇక్కడి గ్రిడిళ్లు 454 గ్రాముల చిన్న ప్రొపేన్ డబ్బాకు మరతో బిగుస్తాయి. పూర్తి మంట మీద చిన్న గ్రిడిల్‌కు కూడా ఆ డబ్బా రెండు గంటలు రాదు. అందుకే చాలామంది గొట్టం కొనుక్కుని పెద్ద సిలిండర్‌కు కలుపుకుంటారు. ఆర్‌వీ బండి పక్కన ఉండే గ్యాస్ కొళాయికి నేరుగా కలిపితే మాత్రం మంట మిణుకుమిణుకుమంటుంది. బండి రెగ్యులేటర్ అప్పటికే ఒత్తిడిని తగ్గించి పంపుతుంది, గ్రిడిల్‌కున్న రెగ్యులేటర్ దాన్ని మళ్లీ తగ్గిస్తుంది. ఇక్కడి ఆర్‌వీ యజమానులు మొదట ఎదుర్కొనే ఇబ్బంది ఇదే. దీనికి తక్కువ ఒత్తిడికి తగిన బిగింపు సామాను విడిగా దొరుకుతుంది.

ఈ మరలు, బిగింపులు ఏవీ ఇండియా సిలిండర్ వాల్వ్‌కు కలవవు. అక్కడికి తెప్పించుకుంటే ఎవరో ఒకరు కోసి, అతికి, తంటాలు పడి కలపాలి. గ్యాస్ విషయంలో అలాంటి అతుకులు నేను ఒప్పుకోను. పలక మాత్రమే నచ్చితే అలాంటి పలకను విశాఖలోనే చేయించుకోండి.

భీమిలి_గాలి
డల్లాస్ అన్నయ్య చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా పక్కింటివారు దిగుమతి గ్రిడిల్‌కు మన సిలిండర్‌ను ఏదో అడాప్టర్‌తో కలిపించుకున్నారు. గ్యాస్ వాసన వస్తూనే ఉండటంతో దాన్ని మేడ మీద మూలన పెట్టేశారు.

ఆటోనగర్_ఫ్యాబ్రికేటర్
మాది ఆటోనగర్‌లో షెడ్డు. హోటళ్లకు దోసె పెనాలు, బజ్జీల బండ్లకు పొయ్యిలు చేసి ఇస్తాం, కాబట్టి పలక గురించి నేను చెప్పడం న్యాయం.

50 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక మీద 18, 19 సెంటీమీటర్ల అట్లు నాలుగు హాయిగా పడతాయి. అంతకన్నా పెద్దదైతే వ్యాన్‌లో సర్దడం కష్టం. మందం దగ్గర చాలామంది తొందరపడతారు. ఆ కొలతకు 3 మిల్లీమీటర్ల ఎంఎస్ (మామూలు ఉక్కు) ప్లేటు బరువు 4.7 కిలోలు, 5 మిల్లీమీటర్లది దాదాపు 8 కిలోలు, 10 మిల్లీమీటర్లది 16 కిలోలకు దగ్గర. మూడు మిల్లీమీటర్లది తేలికే, కానీ మధ్యలో మంట తగిలేసరికి అక్కడి లోహం వ్యాకోచించి పలక ఉబ్బుతుంది. నూనె అంచులకు జారిపోతుంది, పిండి కూడా దాని వెంటే జారుతుంది. హోటల్‌వాళ్లు కోరే పది, పన్నెండు మిల్లీమీటర్ల పలక రోజంతా మండే భట్టీకి సరే గానీ, ప్రయాణంలో అది కాలే లోపల పిల్లలు బిస్కెట్లతో కడుపు నింపేసుకుంటారు. ఐదు మిల్లీమీటర్లు మధ్యేమార్గం. మంచి బర్నర్ల మీద ఆరేడు నిమిషాల్లో అట్టుకు తగ్గ వేడికి వస్తుంది.

అడుగున యాంగిల్ ముక్కలు బిగింపుగా వేయించుకోండి. అయితే వెల్డింగ్‌ను పొడవునా ఒకే గీతలా లాగితే ఆ వేడికే పలక వంగుతుంది. విడివిడిగా చిన్న చిన్న కుట్లుగా, ఒకసారి ఇటు, ఒకసారి అటు వేయమనండి. మూడు వైపులా రెండంగుళాల అంచు, ముందువైపు కాలువ, దాని చివర ఒక రంధ్రం ఉంటే చాలు. గాల్వనైజ్డ్ రేకును ఏ భాగానికీ వాడనివ్వకండి. దాని మీది జింకు పూత మంటకు పొగై ఊపిరికి చేటు చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని కొందరు అదే కావాలంటారు, కానీ అది మామూలు ఉక్కుతో పోలిస్తే వేడిని మూడో వంతు వేగంతోనే పక్కకు పంపుతుంది. మంట ఉన్నచోట మాడి, లేనిచోట పచ్చిగా ఉండేది అందుకే.

పెసరట్టు_పార్వతి
పోత ఇనుము గురించి మీరు ఒక్క మాటా చెప్పలేదు. మా అత్తగారి పెనం ఆవిడ కాపురానికి వచ్చిన నాటిది, ఇప్పటికీ అట్టు అద్దంలా జారుతుంది.

ఆటోనగర్_ఫ్యాబ్రికేటర్
ఇంట్లో వాడేందుకు దానికి సాటి లేదు పార్వతి గారూ. ప్రయాణంలోనే దానికి ప్రమాదం. పోత ఇనుము పెళుసు. ఘాట్ రోడ్డు మలుపులో అలమారాలోంచి కింద పడితే పగులుతుంది, కాలుతున్నప్పుడు చన్నీళ్లు పడినా పగులుతుంది. ఉక్కు పలక పడితే మహా అయితే మూల సొట్టపోతుంది, దాన్ని సుత్తితో సరిచేసుకోవచ్చు.

సీతమ్మధార_లక్ష్మి
నాన్‌స్టిక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కడగడం సులువు, నీళ్లు తక్కువ పడతాయి, బరువూ తక్కువ. అల్యూమినియం వేడిని బాగా పరుస్తుంది కూడా. మేము ఇద్దరమే వెళ్తాం, మాకు అదే సుఖంగా ఉంది.

గ్యాస్_మాష్టారు
లక్ష్మి గారూ, ఇద్దరికి, చిన్న మంట మీద అయితే మీ మాట సరైనదే. అల్యూమినియం ఇనుముకన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా వేడిని పరుస్తుందన్నదీ నిజమే. ఇబ్బంది పూతతోనే వస్తుంది. 260 డిగ్రీలు దాటితే నాన్‌స్టిక్ పూత చెడిపోవడం మొదలవుతుంది. రెండు బర్నర్ల మీద ఖాళీగా పెట్టి, ఉల్లిపాయలు కోసి వచ్చేసరికే ఆ హద్దు దాటిపోవచ్చు. ఇనుప అట్లకాడ వాడకూడదు, గీకకూడదు. నలుగురు చేతులు వేసే వనభోజనంలో ఆ నియమాలు పాటించడం కష్టం.

సాగర్‌నగర్_బాటసారి
పలక విషయం చాలావరకు తేలింది, అందరికీ కృతజ్ఞతలు. బర్నర్ సంగతి చెప్పండి. ఇంట్లో వాడని రెండు బర్నర్ల గాజు పొయ్యి ఒకటి ఉంది. దాని మీదే ఈ పలకను పెట్టుకోవచ్చా?

ఆటోనగర్_ఫ్యాబ్రికేటర్
వద్దు, వద్దు. పెద్ద పలక పొయ్యి మొత్తాన్ని కప్పేస్తే వేడి పైకి పోయే దారి లేక గాజు మీదికే తిరుగుతుంది. గాజు పగలడానికి అదొక ముఖ్య కారణం. నాబ్‌లు, లోపలి గొట్టాలు కూడా కాలిపోతాయి. గుండ్రటి బర్నర్ పొడవాటి పలకకు సరిపోదు కూడా, రెండు చోట్ల రెండు వలయాల్లో మాడుతుంది. రంధ్రాలున్న పైపు బర్నర్లు రెండు, పలక వెడల్పంతా వెళ్లేలా, ఒక్కోదానికి వేరు వేరు వాల్వ్‌తో బిగించుకోండి. పలకకు, బర్నర్‌కు మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. మంట నీలంగా ఉండి, దాని కొన పలకను తాకీ తాకనట్టు ఉంటే సరైన ఎత్తు. పసుపుపచ్చగా ఎగిసిపడుతుంటే గాలి చాలడం లేదని అర్థం, పలక అడుగు మసి పట్టేస్తుంది.

గ్యాస్_మాష్టారు
ఇప్పుడు సిలిండర్. ఇంటి 14.2 కిలోల బండను వ్యాన్‌లో ఎక్కించుకోవద్దు. ఖాళీ బండ బరువు కలిపితే అది ముప్ఫై కిలోల వరకు తూగుతుంది, అంత గ్యాస్ మీకు అవసరమూ లేదు. 5 కిలోల చిన్న సిలిండర్లు చిరునామా పత్రం లేకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఇండేన్ దాన్నే ‘ఛోటూ’ అనే పేరుతో అమ్ముతోంది. కాంపోజిట్ (ఫైబర్‌తో చేసిన) సిలిండర్ దొరికితే ఇంకా మంచిది: తేలిక, తుప్పు పట్టదు, లోపల గ్యాస్ మట్టం బయటికి కనిపిస్తుంది. ఏది తీసుకున్నా, దానికి సరిపోయే రెగ్యులేటర్‌ను సిలిండర్ ఇచ్చినచోటే తీసుకోండి. రెగ్యులేటర్లు అన్నీ అన్నిటికీ సరిపోవు.

5 కిలోలు ఎంతకాలం వస్తాయో చూడండి. డల్లాస్ గారు చెప్పిన 12,500 బీటీయూ అంటే సుమారు 3.7 కిలోవాట్లు. కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి పూర్తి మంట మీద గంటకు 290 గ్రాములు ఖర్చవుతాయి. 24,000 బీటీయూకు 550 గ్రాములు. అంటే పెద్ద గ్రిడిల్‌ను తెరిచి వదిలేసినా తొమ్మిది గంటలు వస్తుంది. పలక కాలిన తరువాత మంట సగానికి తగ్గిస్తారు కాబట్టి, మీ శని, ఆదివారాల ప్రయాణాలకు ఒక సిలిండర్ చాలా కాలం వస్తుంది.

సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. బండి కదులుతున్నప్పుడు రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, బెల్టుతో కట్టేయండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, కారితే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండర్ పెట్టే అర కింది భాగంలో బయటికి రంధ్రం ఉండాలి. పైన కిటికీ తెరిచి ఉంచాం కదా అనుకోవడం సరిపోదు. గొట్టం ఉక్కు తీగ అల్లిన సురక్షా రకం వాడి, దాని మీద ముద్రించిన గడువు దాటకముందే మార్చండి. ప్రతిసారి బిగించిన తరువాత సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటానికి అరనిమిషం కన్నా పట్టదు.

మన్యం_బాట
మాష్టారూ, నేను స్నేహితులతో లంబసింగి వెళ్తుంటాను. క్యాంపింగ్ దుకాణాల్లో అమ్మే సన్నటి బ్యూటేన్ డబ్బాలు అక్కడ తెల్లవారుజామున మొరాయిస్తున్నాయి. డబ్బాలో సగం గ్యాస్ ఉన్నట్టు ఊపితే తెలుస్తుంది, మంట మాత్రం రాదు.

గ్యాస్_మాష్టారు
చలే కారణం. బ్యూటేన్ మరిగే స్థానం సున్నాకు అర డిగ్రీ కింద, ప్రొపేన్‌ది సున్నాకు 42 డిగ్రీల కింద. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది కాబట్టి బ్యూటేన్ ద్రవంగానే ఉండిపోతుంది. వెలిగించిన తరువాత ఆవిరయ్యే కొద్దీ డబ్బా తన వేడిని తానే కోల్పోయి ఇంకా చల్లబడుతుంది. మన ఇంటి ఎల్‌పీజీలో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది కనుక కాస్త మెరుగు, కానీ దాని ఒత్తిడీ తగ్గుతుంది. రాత్రి సిలిండర్‌ను చలిగాలి తగలనిచోట ఉంచండి, ఎండ పొడ తగిలాక వెలిగించండి. మంట చూపించి వేడిచేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు.

కంచరపాలెం_కుర్రాడు
నాకు వ్యాన్ లేదు. కిరండూల్ రైల్లో అరకు వెళ్లేటప్పుడు ఆ బ్యూటేన్ డబ్బా, చిన్న పొయ్యి సంచిలో పెట్టుకోవచ్చా?

మన్యం_బాట
కుదరదు తమ్ముడూ. గ్యాస్ సిలిండర్లు, మండే పదార్థాలు ఏ ప్రయాణికుల రైల్లోనూ తీసుకెళ్లకూడదు, రైల్వే చట్టం ప్రకారం అది నేరం. బొర్రా సొరంగాల్లో ఏదైనా జరిగితే పెట్టెలో ఉన్నవారు ఎటు వెళ్తారు? అరకులో దిగి బొంగు చికెన్ తినండి, అది అక్కడివారి చేతి వంట, మన పొయ్యి మీద రాదు.

భీమిలి_గాలి
సముద్రం ఒడ్డున వండేవారికి గాలి గురించి చెప్పాలి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు, అదీ మెల్లగా వీస్తుంది. పొద్దెక్కి నేల కాలేకొద్దీ దిశ మారి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి బలపడుతుంది. అట్ల పని ఎనిమిదింటికల్లా ముగించేవారికి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం చేపలు వేయించాలంటే మాత్రం బర్నర్ మంట పలక కిందే పక్కకు వాలిపోయి, గ్యాస్ ఖర్చే గానీ వేడి ఉండదు.

బండిని సముద్రానికి అడ్డంగా నిలిపి, దాని చాటున పొయ్యి పెట్టుకోండి. అయితే బండికి మరీ ఆనించి పెట్టకండి, ఆ వైపు కిటికీలు, తలుపు మూసి ఉంచండి. చాటున గాలి సుడి తిరిగి, కాలిన గ్యాస్ లోపలికి వెళ్లే అవకాశం ఉంటుంది. రేకుతో మూడు వైపులా అడ్డు కట్టుకోవచ్చు, కింద రెండు వేళ్ల సందు వదిలి. సిలిండర్ ఎప్పుడూ ఆ అడ్డుకు బయటే ఉండాలి. వాన మబ్బు చూసి పొయ్యిని వ్యాన్ లోపలికి మార్చడం, గుడారంలో వెలిగించడం ప్రాణాలతో చెలగాటం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

మన్యం_బాట
కొండల వైపు ఇంకో జాగ్రత్త కావాలి. మాఘం దాటాక కొండ గడ్డి ఎండి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. పొట్టి కాళ్ల పొయ్యిని గడ్డి మీద పెడితే మంట కిందికి కనిపించకపోయినా వేడి దిగుతుంది. బల్ల మీద గానీ, మట్టి నేల మీద గానీ పెట్టండి, ఒక బకెట్టు నీళ్లు పక్కన ఉండాలి. రిజర్వు అడవి లోపల నిప్పు ముట్టించడమే నిషేధం. రోడ్డు పక్కన ఖాళీ చూసి ఆగిపోకుండా, అనుమతి ఉన్న విడిదిలోనో, ఎవరి తోటలోనైనా అడిగో ఆగండి. అడిగితే కాదనేవారు తక్కువ, వండినదాంట్లో వారికీ ఒక అట్టు పెట్టండి.

సాగర్‌నగర్_బాటసారి
చాలా సంగతులు తెలిశాయి. కొత్త పలకను వాడుకలోకి తేవడం ఎలాగో, తరువాత తక్కువ నీళ్లతో శుభ్రం చేయడం ఎలాగో కూడా చెప్పండి. మా ఇల్లు సముద్రానికి దగ్గర, గేటు గడియలే ఏడాదికి తుప్పు పట్టిపోతున్నాయి.

ఆటోనగర్_ఫ్యాబ్రికేటర్
షెడ్డు నుంచి వచ్చే ప్లేటు మీద నల్లటి పొర, తుప్పు రాకుండా పూసిన నూనె ఉంటాయి. గ్రైండింగ్ చేయించి, ఎమరీ పేపరుతో నునుపు తెప్పించుకుని, సబ్బుతో వేడినీళ్లలో ఒకసారి బాగా కడగండి. సబ్బుకు అదే మొదటి పని, దాదాపు చివరి పని కూడా.

పెసరట్టు_పార్వతి
ఇక్కడి నుంచి నేను చెప్తాను, పోత ఇనుమైనా ఉక్కైనా పదును పెట్టే (అంటే నూనె పొరను కాల్చి పట్టించే) పద్ధతి ఒకటే.

కడిగిన పలకను పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఇగరనివ్వండి. ఒక చెంచా వేరుశనగ నూనె వేసి పాత నూలు గుడ్డతో అంతటా, మూలల్లో కూడా పూయండి. తరువాత ఇంకో పొడి గుడ్డ తీసుకుని, పూసిన నూనెనంతా తుడిచేస్తున్నట్టు తుడవండి. మిగలాల్సింది కంటికి కనబడీ కనబడని పొర మాత్రమే. చాలామంది ఇక్కడే నూనె ఎక్కువ వదిలేస్తారు, అది జిగురులా గడ్డకట్టి ఆ తరువాత పెచ్చులుగా ఊడుతుంది. మంట పెంచి పొగ రానివ్వండి, పొగ ఆగేదాకా ఉంచండి. పలక మధ్య ముందు గోధుమ రంగుకు, తరువాత నల్లగా మారుతుంది. చల్లారాక మళ్లీ అదే పని. మూడు నాలుగు పూతలకు పలక నిగనిగలాడుతుంది. మొదటి అట్టు వేయడానికి ముందు సగం కోసిన ఉల్లిపాయను అట్లకాడకు గుచ్చి, నూనెలో ముంచి పలకంతా రుద్దండి.

వేడి చూడటానికి నీళ్లు చిలకరించండి. చుక్కలు పడినచోటే బుసబుసమని ఇగిరిపోతే పెసరట్టుకు సరైన వేడి. ముత్యాల్లా దొర్లి పరుగెత్తితే పలక మరీ కాలిందని గుర్తు. అప్పుడు పిండి గరిటెకు చుట్టుకుని పైకి లేస్తుంది, పరుచుకోదు. ఒక తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మంట తగ్గించి వేయండి. అన్నట్టు, డల్లాస్ తమ్ముడు చెప్పినట్టు ఒక పక్క పరిచి ఇంకో పక్కకు జరిపే పద్ధతి వినడానికి బాగుంది, మా ఇంటి పెద్ద పెనం మీద చేసి చూస్తాను.

గాజువాక_టు_డల్లాస్
పార్వతి అక్కా, చేసి చూసి ఇక్కడే రాయండి. శుభ్రం చేసే పని నాది. వంట అవగానే, పలక ఇంకా వేడిగా ఉండగానే, గోడలకు లప్పం పట్టించేవారు వాడే వెడల్పాటి పుట్టీ బ్లేడుతో అడుగంటినదంతా కాలువలోకి గీకేయండి. మంట ఆపి, కాస్త చల్లారాక అరగ్లాసు గోరువెచ్చని నీళ్లు పోస్తే ఆవిరితో పాటు జిడ్డు వదులుతుంది, మళ్లీ గీకి గుడ్డతో తుడవండి. ఉక్కు పలక అయినా సలసలకాగే వేడిలో చన్నీళ్లు పోస్తే వంగుతుంది. ఆఖరున చుక్క నూనె పూస్తే పని పూర్తవుతుంది. మొత్తానికి ఒక గ్లాసు నీళ్లు దాటవు. కాలువలోంచి డబ్బాలోకి దిగిన నూనెను ఇసుకలో పారబోయకండి, మూతబెట్టి ఇంటికి తెచ్చి చెత్తలో వేయండి. లేకపోతే రాత్రికి కుక్కలు, చీమలు బండి చుట్టూ చేరతాయి.

భీమిలి_గాలి
తుప్పు గురించి నేను చెప్పగలను, మా ఇంటికీ అలల తుంపర చేరుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టకండి, లోపల చెమ్మ చేరి రెండు రోజుల్లో ఎర్రటి మచ్చలు వస్తాయి. పాత నూలు చీరలో చుట్టి, మధ్యలో వార్తాపత్రిక కాగితాలు పెట్టండి, కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. వానాకాలంలో వాడకపోయినా అప్పుడప్పుడు తీసి, పొయ్యి మీద వేడిచేసి నూనె గుడ్డ పూస్తూ ఉండండి. మచ్చ వచ్చినా భయం లేదు, ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ పదును పెడితే సరిపోతుంది.

సీతమ్మధార_లక్ష్మి
ఒక సందేహం. కార్తీక వనభోజనాలకు మా అమ్మ కూడా వస్తారు. ముందు వారం చేపలు వేయించిన పలక మీద వేసిన అట్టు ఆవిడ ముట్టుకోరు. పలకను కాల్చితే ఆ వాసన పోతుందా?

పెసరట్టు_పార్వతి
వాసన చాలావరకు పోతుంది, కానీ పెద్దవారి నియమం వాసన గురించి కాదు కదా లక్ష్మి గారూ. ఆ పదును పొరలో చేప నూనె కలిసిపోయి ఉంటుంది, ఆవిడకు ఆ మాట చెప్పకుండా వడ్డించడం నాకు నచ్చదు. చేపలకు విడిగా చిన్న పెనం పెట్టుకోండి. మీ నాన్‌స్టిక్‌కు ఆ పని బాగా సరిపోతుంది, వంజరం ముక్కలకు పెద్ద మంట అక్కర్లేదు.

సీతమ్మధార_లక్ష్మి
మంచి మాట చెప్పారు. అలాగే చేస్తాను.

సాగర్‌నగర్_బాటసారి
నిర్ణయానికి వచ్చాం. 50కి 40, ఐదు మిల్లీమీటర్ల ఎంఎస్ ప్లేటు, రెండు పైపు బర్నర్లు, 5 కిలోల సిలిండర్. చేపలకు ఇంట్లోని చిన్న పెనమే తీసుకెళ్తాం. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. ఘాట్ రోడ్డులో ఎనిమిది కిలోల పలక దడదడలాడకుండా ఎక్కడ పెట్టాలి? ఎగుడుదిగుడు నేల మీద నూనె ఒక మూలకు పోకుండా ఏం చేయాలి?

ఆటోనగర్_ఫ్యాబ్రికేటర్
పలకను పడుకోబెట్టకుండా వెనక సీటు వెనుక నిలువుగా, రెండు సి-ఛానళ్ల మధ్య జారేలా పెట్టించుకోండి. ఛానల్ లోపల కారు తలుపుకు వేసే రబ్బరు బీడింగ్ అతికిస్తే చప్పుడు రాదు. పైన ఒక గడియ తప్పనిసరి, బ్రేకు వేసినప్పుడు ఎనిమిది కిలోల ఇనుము ఎగిరి వస్తే ఎవరూ ఆపలేరు. రెండో దానికి, పొయ్యి నాలుగు కాళ్లకూ మర బోల్టులు పెట్టించండి. తాపీమేస్త్రీల రసమట్టం చిన్నది ఒకటి కొని పలక మీద పెట్టి, బోల్టులు తిప్పి సరిచేయండి. పూర్తి మట్టంగా కాకుండా, కాలువ వైపుకు వెంట్రుకవాసి వాలు ఉంచుకుంటే మిగులు నూనె దానంతట అదే దిగుతుంది.

పెసరట్టు_పార్వతి
పిండి సంగతి కూడా చూసుకోండి. రుబ్బిన పిండి ఎండలో, బండి కుదుపులో పొంగి డబ్బా మూత తన్నేస్తుంది. మినప పిండి అయితే సగం డబ్బానే నింపి, మంచు పెట్టెలో పెట్టండి. పెసరట్టుకు ఆ బెడద లేదు, పులియాల్సిన పనే లేదు కాబట్టి. పెసలు రాత్రి పడుకునే ముందు బండిలోనే నానబోసి, పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుకోవచ్చు. మాష్టారు గారూ, మీరు చెప్పిన వ్యాన్ బ్యాటరీ మీద మిక్సీ ఆడుతుందా?

గ్యాస్_మాష్టారు
నిక్షేపంగా ఆడుతుంది. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 60 వాట్ అవర్ల పైచిలుకు, అంటే ఆ బ్యాటరీలో ఇరవయ్యో వంతు. ఇన్వర్టర్ మాత్రం 1500 వాట్లకు తగ్గకుండా చూసుకోండి, మిక్సీ మోటారు మొదలయ్యే క్షణంలో దాని మామూలు వాడకం కన్నా ఎక్కువ లాగుతుంది.